ఒత్తుకు జాగా

ఏలూరు రోడ్డులో బస్సు దిగి సందులోకి మళ్లగానే మిమ్మల్ని ముందుగా పలకరించేవి అక్షరాలే. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఎవరిదో పుట్టినరోజు. జానెడు మందాన ఉన్న అక్షరాలు ఛాతీ విరుచుకుని నిలబడ్డాయి. దాని కింద టిఫిను బండి. రేకు మీద పెయింటరు కుంచెతో రాసిన 'ఇడ్లీ'లో డ కింది ల ఒత్తు పైటచెంగులా జారి ఇంకో జానెడు దూరం పోయింది. ఎదురుగా శుభలేఖల దుకాణం, అద్దం వెనక బంగారు రంగులో మెలికలు తిరిగిన 'శ్రీరస్తు'. ఇలాంటివన్నీ మీరు రోజూ చదువుతూనే ఉంటారు. చూసి మాత్రం ఉండరు. చదివేటప్పుడు కళ్లు మాట దగ్గరికి పోతాయి, అక్షరం దగ్గర ఆగవు. ఇవాళ ఒక్క పూట ఆపుదాం.

మూడు మెట్లెక్కితే ప్రెస్సు. చెప్పులు బయటే వదలండి, కంప్యూటర్లున్న గదికి దుమ్ము పడదు. ముందు గదిలో రెండు కంప్యూటర్లు, గోడ పొడుగునా పాత క్యాలెండర్లు, నేల మీద కాగితం రీములు. వెనక గదిలో గోనెపట్టా కప్పుకుని పడుకున్న ట్రెడిలు మిషను, దాని పక్కన చెక్క కేసులు. గుమ్మం దాటితే వాసన మారిపోతుంది. ఇవతల ఏసీ చల్లదనం, కొత్త కాగితం. అవతల కిరసనాయిలు, సిరా, తుప్పు. ఆ గుమ్మంలోనే కుర్చీ వేసుకుని ఎనభై దాటిన పెద్దాయన కూర్చున్నారు. ఓనరు వాళ్ల నాన్న. నలభై ఏళ్లు ఆ కేసుల ముందు నిలబడి కంపోజింగు చేసిన మనిషి. ఇప్పుడు పేపరు చదవడమే పని. మీరు ఆ మూల స్టూలు లాక్కుని కూర్చోండి.

పది గంటలకి మాస్టారు వచ్చారు. తెలుగు పంతులుగా రిటైరై చాలా ఏళ్లయింది. సంచిలోంచి రెండు వస్తువులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి పెన్‌డ్రైవు, అందులో ఆయన రాసుకున్న పుస్తకం. రెండోది అట్ట ఊడిపోయిన పాత పుస్తకం, పాలిథిన్ కవర్లో చుట్టింది.

"అక్షరం ఇలా ఉండాలమ్మా" అన్నారు ఆ పాత పుస్తకం తెరిచి, కంప్యూటరు ముందున్న అమ్మాయితో.

ఆ అమ్మాయి పుస్తకం వైపు ఒకసారి చూసి, "ముందు టైటిలు చెప్పండి మాస్టారూ" అంది.

"జ్ఞాపకాలు."

ఆమె వేళ్లు చూడండి. 'జ్ఞా' కోసం నాలుగు మీటలు నొక్కింది. జ, పొల్లు, ఞ, దీర్ఘం. మనం ఒక్క అక్షరం అనుకునేది కంప్యూటరు లెక్కలో నాలుగు సంకేతాలు. యూనికోడ్ ఆ నాలుగింటికి నంబర్లు ఇచ్చి ఊరుకుంటుంది. వాటిని కలిపి ఒక్క బొమ్మగా తెరమీదికి తేవలసింది ఫాంటు. పొల్లు తరవాత హల్లు వస్తే దాన్ని ఒత్తు చేసి కిందికి దింపాలి, దీర్ఘాన్ని తెచ్చి జ తలకి తగిలించాలి, రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా చూడాలి. రెప్పపాటులో జరిగే పని కాబట్టి మనకి తేలిగ్గా కనపడుతుంది. ఎంత తేలికో 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకి తెలిసొచ్చింది. ఈ 'జ్ఞా'యే, మధ్యలో కంటికి కనపడని ఇంకో సంకేతంతో కలిసి మెసేజీలో వచ్చిందంటే ఆ యాప్ కుప్పకూలేది. ఒక్క తెలుగు అక్షరాన్ని గీయలేక ఫోను చేతులెత్తేసింది. ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. తెలుగు తెలియని దేశాల్లో కూడా ఆ వారం మన 'జ్ఞా' వార్తల్లోకెక్కింది.

ఇక్కడ ఏమీ కూలలేదు. తెర మధ్యన 'జ్ఞాపకాలు' నల్లగా నిలబడింది. అమ్మాయి ఫాంట్ల జాబితా దించి ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతోంది.

ముందు రామభద్ర. మాట ఒక్కసారిగా ఒళ్లు చేసింది. సందు మొదట్లో చూసిన ఫ్లెక్సీ అక్షరాలకి దగ్గర చుట్టం. మాస్టారి జ్ఞాపకాలు ఎన్నికల్లో గెలిచినట్టున్నాయి.

తరవాత గౌతమి. గోదావరి పేరు పెట్టుకుని విండోస్ ఎక్స్‌పీతో పాటు ఇళ్లలోకి వచ్చిన ఫాంటు. చాలామందికి కంప్యూటర్లో మొదటిసారి కనపడిన తెలుగు ఇదే. అందుకే దీన్ని చూస్తే ఏదో దరఖాస్తు నింపుతున్నట్టుంటుంది.

మండలి. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకటకృష్ణారావు పేరు దీనికి. గీత మందం ఎక్కడా పెద్దగా మారదు, శుభ్రంగా దువ్విన తలలా ఉంటుంది. కానీ ఈ మాటను అందులో పెడితే పేపర్లో శీర్షికలా ఉంది.

బాపు చేతిరాతని పోలిన ఫాంటు ఒకటి వచ్చింది. మాస్టారి మొహం విచ్చుకుంది, వెంటనే తల అడ్డంగా ఊపారు. "ఇది బాపు గారు చెబుతున్నట్టుంది. చెప్పేది నేను కదా."

ఈ మాట పట్టుకోండి. ఫాంటు అంటే గొంతు. మాట అదే, అర్థం అదే. ఎవరు ఏ తీరున చెబుతున్నారన్నది మనం మొదటి పదం చదవకముందే అక్షరం చెప్పేస్తుంది. ఫాంట్లకి రామరాజ, ధూర్జటి, పెద్దన, తిమ్మన, గురజాడ, గిడుగు, సురవరం అని మనుషుల పేర్లు పెట్టిన సిలికానాంధ్ర వాళ్లు మంచి పనే చేశారు. వాటిని ఎవరైనా ఉచితంగా దింపుకుని వాడుకోవచ్చు. ఈ అమ్మాయి జాబితాలో వాళ్లంతా వరసగా కూర్చుని ఉన్నారు, అష్టదిగ్గజాలూ ఆధునికులూ ఒకే బెంచీ మీద.

"దగ్గరికి రండి, చూపిస్తా" అంది అమ్మాయి. మీరు కూడా స్టూలు ముందుకి జరుపుకోండి.

ఆమె 'జ్ఞాపకాలు'ని తెర పట్టనంత పెద్దది చేసింది. ఇప్పుడు ఇది మాట కాదు, నాలుగు ఆకారాలు. జ మెడ వంచి కూర్చున్న కొంగలా ఉంది. దాని నెత్తిన తలకట్టు లేదు. ఖ, ఙ, జ, ఞ, ట, ణ, బ, ల, ఱ, వీటికి ఉండదు. పలకల మీద అన్నీ దిద్దాం గానీ ఈ లెక్క ఎప్పుడూ గమనించి ఉండం. ఇప్పుడు వరసగా చూడండి. జ్ఞాకి లేదు. ప నెత్తిన ఉంది. కాకి ఉండాల్సింది దీర్ఘం వచ్చి ఎగరగొట్టేసింది. లుకి కొమ్ము తప్ప ఏమీ లేదు. అంటే ఈ మాట మొత్తానికి ఒకే ఒక్క తలకట్టు. ఫాంటు గీసినవాడు తలకట్టును ఎంత అందంగా తిప్పినా ఇక్కడ చూపించుకునేందుకు ఒక్క ప మాత్రమే ఉంది. ఈ మాట అందం తేలాల్సింది కింద, ఆ ఞ ఒత్తు దగ్గర.

"ఇది చూడండి." ఆమె అసలు ఞని విడిగా కొట్టి, దాన్ని సగానికి కుదించి, జ కింద పెట్టింది. పక్కన ఫాంటులో ఉన్న ఒత్తు. "కళ్లు సగం మూసి చూడండి మాస్టారూ."

మీరూ మూయండి. కుదించిన ఞ కనపడకుండా పోతోంది. ఆకారంతో పాటు గీత మందం కూడా సగమైపోయింది మరి. పైన జ నల్లగా ఉంది, కింద ఞ తిండి లేనిదానిలా ఉంది. ఫాంటులో ఉన్న ఒత్తు అలా లేదు. చిన్నదే గానీ గీత బలంగా ఉంది, లోపలి తెల్లటి ఖాళీలు పూడుకుపోకుండా కాస్త విప్పారాయి. ఎవరో కూర్చుని దాన్ని మళ్లీ మొదట్నించీ గీశారు. తెలుగులో హల్లులన్నిటికీ ఈ పని చేయాలి. త, న, మ, య, ర, ల ఒత్తులకైతే తల్లి పోలికే ఉండదు, అవి వేరే బొమ్మలు. క్రావడి, అంటే ర ఒత్తు, ఎడమ పక్క నుంచి చెయ్యి వేసి అక్షరాన్ని ఎత్తుకుంటుంది. 'రాష్ట్రం' రాయాలంటే ష కింద ట, దానికీ క్రావడి. ఇంగ్లీషు అక్షరాలు గోడ మీద పిట్టల్లా ఒక్క వరసన కూర్చుంటాయి. మనవి మేడ మీద గుడి, నేల మీద అక్షరం, కింద నేలమాళిగలో ఒత్తు. ఫాంటు బాగుందో లేదో తేల్చుకోవాలంటే ముందు నేలమాళిగలోకి దిగి చూడాలి.

గుమ్మంలో పేపరు మడత పెట్టిన చప్పుడు. పెద్దాయన లేచారు. "ఏదీ, ఇటు రండి మాస్టారూ" అంటూ వెనక గదిలోకి నడిచారు. మీరూ వెళ్లండి.

లైటు వేశారు. చెక్క కేసు ఏటవాలుగా, నిండా గళ్లు. కొన్ని గళ్లు పెద్దవి, చేతికి దగ్గరగా. కొన్ని అగ్గిపెట్టెంత, మూలల్లో. ఎక్కువగా వాడేవి దగ్గర, తక్కువ వాడేవి దూరం. ఇప్పుడు చాలా గళ్లు ఖాళీ. "చాలా భాగం కిలోల లెక్కన అమ్మేశాం" అన్నారు పెద్దాయన మామూలుగా. మిగిలినవాటిలోంచి ఒక దిమ్మె తీసి మీ అరచేతిలో పెట్టారు.

చల్లగా ఉంది. సైజుకి మించిన బరువు. సీసం, గట్టిదనానికి యాంటిమొనీ, అచ్చులోకి చక్కగా పారడానికి తగరం. ఒక కొసన అద్దంలో చూసినట్టు తిరగబడిన అక్షరం. పక్కన చిన్న గాడి. ఆ గాడి వేలికి తగిలితే చాలు, కంపోజిటరుకి అక్షరం ఏ వైపు నిలబడిందో తెలిసిపోతుంది, కళ్లతో పనిలేదు. జర్మనీలోని హాలే పట్నంలో 1746 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు. ఆ ఊళ్లో వాటిని చదివేవాళ్లెవరూ ఉండి ఉండరు. ఆ తరవాత శ్రీరాంపూర్‌లో 1814లో విలియం కేరీ వ్యాకరణం, మద్రాసులో 1816లో క్యాంబెల్ వ్యాకరణం. గంటంతో తాటాకు మీద తిరగడానికి అలవాటుపడిన గుండ్రటి అక్షరాన్ని పలకల సీసపు దిమ్మెలో కూర్చోబెట్టడం వాళ్లందరి తలనొప్పి. మీ చేతిలో ఉన్నది ఆ తలనొప్పికి కుదిరిన మందుల్లో ఒకటి.

పెద్దాయన ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకున్నారు. కుడిచెయ్యి కేసు మీదికి పోయింది. జా దొరికింది. తరవాత చెయ్యి గాల్లో ఆగింది. ఒక్క క్షణం. కింది మూల అగ్గిపెట్టె గడి దగ్గరికి వెళ్లి వేలికొసతో గీకి ఒక చిన్న దిమ్మె పైకి తీశారు. ఞ ఒత్తు.

"దీనికి వేరే పని లేదు మాస్టారూ. జ వచ్చినప్పుడే దీన్ని పిలుస్తాం. జ్ఞానం, యజ్ఞం, ఆజ్ఞ, జ్ఞాపకం. మిగతా రోజులు మూల కూర్చునేది."

ఒత్తును జా పక్కన నిలబెట్టారు. కింద కాదు, పక్కన. దిమ్మె కింద దిమ్మె దూరదు కదా. అందుకే సీసంలో చాలా ఒత్తులు అక్షరానికి కుడి పక్కన, కాస్త దిగువగా కూర్చునేవి. ప, కా, లు. స్టిక్కులో మాట తలకిందులుగా, తిరగబడి ఉంది. మీకు ఏమీ అర్థం కాదు. ఆయన మాత్రం మనం బోర్డు చదివినట్టు చదివేస్తున్నారు.

మాస్టారు తన పాత పుస్తకం తెచ్చి ఆ స్టిక్కు పక్కన పట్టుకున్నారు. పద్యం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి మీకు చూపించారు. 'ధమ౯ము'. తొమ్మిది అంకెలాంటి ఆ గుర్తు వలపలగిలక. 'ధర్మము' అని చదవాలి. ర కిందికి ఒత్తు దింపే బదులు ర-నే గుర్తుగా మార్చి కుడి పక్కన నిలబెట్టారు. అదే పేజీలో నకారపొల్లు కూడా ఉంది, ఇప్పుడు మనం న్ అని రాసేదానికి ఒకప్పటి రూపం. వలపలగిలక వాడుకలోంచి పోయింది. నకారపొల్లుకి మాత్రం 2021లో యూనికోడ్ పిలిచి నంబరు ఇచ్చింది. పాత పుస్తకాలను కంప్యూటర్లో ఉన్నదున్నట్టు ఎక్కించాలంటే అలాంటివి కావాలి మరి.

ముందు గదిలోకి వచ్చేసరికి అమ్మాయి ఒకే పేరాని నాలుగు ఫాంట్లలో పెట్టి ప్రింటు తీసింది. కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి. నాలుగూ 12 పాయింట్లే, అయినా ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనపడుతోంది. పాయింటు అంటే ఒకప్పటి దిమ్మె కొలత. ఆ దిమ్మెలో అక్షరం ఎంత మేర కూర్చోవాలన్నది గీసినవాడి ఇష్టం.

ఒకటి పోతన2000, దేశికాచార్యులు గారు చేసిన ఫాంటు. నెట్‌లో తెలుగు ఇంకా తప్పటడుగులు వేస్తున్న రోజుల్లో ఎన్నో కంప్యూటర్లలో అదే దిక్కు. రెండోది మండలి. మూడోది నోటో. ఫాంటు లేనప్పుడు తెరమీద వచ్చే ఖాళీ డబ్బాలను కంప్యూటరు వాళ్లు టోఫు అంటారు. ఏ భాషకీ ఆ టోఫు కనపడకూడదని గూగుల్ పెట్టుకున్న పేరు అది. నాలుగోది టైరో తెలుగు. దీనికో కథ ఉంది. 2015లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ పేరుతో భారతీయ గ్రంథాలు తేవడం మొదలుపెట్టింది. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో ఇంగ్లీషు. మొదటి విడతలోనే పెద్దన మనుచరిత్ర ఉంది. ఆ ఎడమ పేజీ కోసం ఫియోనా రాస్, జాన్ హడ్సన్ కొత్తగా తెలుగు అక్షరాలు గీశారు. ఆ అక్షరాలే తరవాత టైరో పేరుతో అందరికీ ఉచితంగా వచ్చాయి.

మాస్టారు నాలుగు కాగితాలూ పక్కపక్కన పరిచారు. పాత పుస్తకం మధ్యలో పెట్టారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి నాలుగోదాని మీద వేలు పెట్టి, "దీని గీత లావూ సన్నం అవుతోంది, కలంతో రాసినట్టు. ఇది" అన్నారు.

పని అయిపోయినట్టే అనుకుంటున్నారా? ఓనరు కాలిక్యులేటరు తీశాడు.

"మాస్టారూ, డెమ్మీ సైజు. లైనుకి 16 పాయింట్లు పెడితే పేజీకి 30 లైన్లు. 128 పేజీలు, ఎనిమిది ఫారాలు, లెక్క సరిపోయింది. అమ్మాయి 18 పెడదామంటోంది. అప్పుడు పేజీకి 27 లైన్లే. 144 పేజీలు, తొమ్మిది ఫారాలు. ఒక ఫారం కాగితం, ప్లేట్లు, అచ్చు, అన్నీ పెరుగుతాయి."

మాస్టారు పెన్షను డబ్బుతో వేసుకుంటున్న పుస్తకం. "16 బాగానే ఉంటుంది కదమ్మా?" అన్నారు నెమ్మదిగా.

అమ్మాయి వాదించలేదు. 16తో ఒక పేజీ ప్రింటు తీసి, భూతద్దం పక్కన పెట్టి ఇచ్చింది. వంగి చూడండి. కాలవ రేవు గురించి రాసిన పేజీ. పై లైనులో 'స్త్రీలు'. స కింద త ఒత్తు, దానికి క్రావడి. సరిగ్గా దాని కింద, తరవాతి లైనులో 'నీళ్లు'. క్రావడి కొస వచ్చి నీ మీది గుడిదీర్ఘాన్ని పొడిచింది. రెండూ కలిసి ఏ భాషకీ చెందని మూడో అక్షరం అయ్యాయి. పేజీని చేయి దూరంలో పెట్టి చూస్తే అలాంటి నల్లటి ముడులు ఇంకో ఐదారు చోట్ల కనపడుతున్నాయి.

పెద్దాయన కుర్చీలోంచే అన్నారు. "మా కాలంలో ఇది రాదురా. సీసంలో ఒత్తు పక్క లైనులోకి పోదామన్నా దిమ్మె పోనివ్వదు. వేళ్లకే తెలిసేది జాగా చాల్లేదని. ఇప్పుడు ఆపడానికి దిమ్మె లేదు. మనమే ఆపాలి."

ఎవరూ మాట్లాడలేదు. బయట టిఫిను బండి దగ్గర పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు. కాసేపటికి మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "తొమ్మిది ఫారాలే కానీండి. కాపీలు తగ్గిద్దాం" అన్నారు.

అమ్మాయి ఒక అంకె మార్చింది. అంతే, 16 చెరిపి 18. తెరమీద లైన్లు ఒక్కసారిగా విడివడి ఊపిరి పీల్చుకున్నాయి. 'స్త్రీలు' కింద సన్నటి తెల్లటి సందు ఏర్పడింది. క్రావడి తన కొసని తను చుట్టుకుంది. గుడిదీర్ఘం తన మానాన తను నిలబడింది. రెండు పాయింట్లంటే అంగుళంలో ముప్పై ఆరో వంతు. మాస్టారికి ఒక ఫారం ఖర్చు.

మొదటి పదహారు పేజీల ప్రూఫు వచ్చింది. మాస్టారు ఎర్ర పెన్ను మూత తీసి, పంతులు పేపర్లు దిద్దేటప్పుడు కూర్చునే తీరులో కూర్చున్నారు. మొదటి పేజీ మీద పెన్ను కొస లైను వెంబడి కదిలింది. రెండో పేజీలో నెమ్మదించింది. మూడో పేజీకి ఆగిపోయింది. పేజీలు మాత్రం తిరుగుతున్నాయి.

అమ్మాయి టీ తెప్పించింది. ఆయన గ్లాసు మీద మీగడ కట్టింది.

"తప్పులేమైనా కనపడ్డాయా మాస్టారూ?"

ఆయన తలెత్తారు. ఎక్కడో కాలవ గట్టు మీంచి పిలిస్తే వచ్చినట్టు చూశారు.

"చూళ్లేదమ్మా. చదువుతున్నా."